‘పడదు’ అంటే ఏమిటి? – సీలియాక్ వ్యాధి, ఫుడ్ అలర్జీలు, మన తెలుగు వంటిల్లు

 మన వార్షిక సంచికలో పద్యాల గురించీ, పండుగల గురించీ ఎన్నో వ్యాసాలు చదువుతుంటాం. ఈసారి మేము మన విస్తరి గురించి రాయదలచాము. బడిలో చేరేటప్పుడు నింపే ఫారంలో ‘మీ పిల్లలకు ఏదైనా ఆహారం పడదా?’ అనే ప్రశ్న ఒకటుంది. ఆ గడిలో ‘గోధుమ పడదు’, ‘పల్లీలు పడవు’, ‘పాలు పడవు’ అని రాసే కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. పిల్లలందరూ ఒకే బంతిలో కూర్చుని తినాలంటే ఆ గడిలో రాసినది ఏమిటో రాసినవారికే కాదు, మనందరికీ తెలియాలి. వండేది మనమే, వడ్డించేది మనమే కదా!

ఒక్క మాట – మూడు అర్థాలు

తెలుగులో ‘పడదు’ అన్నది చాలా చక్కని మాట. వంకాయ తింటే దురద పెట్టినా పడదు అంటాం, పాలు తాగితే కడుపు ఉబ్బినా పడదు అంటాం, ఎదురింటివారితో మాటలు లేకపోయినా పడదు అంటాం! కానీ వంటింట్లో ఈ ఒక్క మాట వెనుక మూడు వేరువేరు సంగతులు దాగి ఉన్నాయి. వాటిని కలిపేస్తే ప్రమాదం.

మొదటిది అలర్జీ. ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఒక ఆహారంలోని ప్రొటీన్‌ను శత్రువుగా పొరబడి వెంటనే యుద్ధానికి దిగుతుంది. తిన్న కొన్ని నిమిషాల్లోనే, సాధారణంగా రెండు గంటల లోపల, దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు రావచ్చు. తీవ్రమైతే గొంతు బిగుసుకుని ఊపిరి ఆడదు, రక్తపోటు పడిపోతుంది. దీన్ని అనాఫిలాక్సిస్ అంటారు. ఇది ప్రాణం మీదికి వచ్చే స్థితి.

రెండవది సీలియాక్ వ్యాధి. ఇది అలర్జీ కాదు. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ లోపలికి వెళ్ళినప్పుడు శరీరం తన చిన్నపేగునే తాను గాయపరచుకుంటుంది. పేగు లోపలి గోడ మీద మఖమల్ గుడ్డ నూగులా సన్నని మొలకలు ఉంటాయి. అన్నంలోని సారాన్ని పీల్చుకునేవి అవే. సీలియాక్ ఉన్నవారిలో ఆ నూగు అరిగిపోయి నున్నబడుతుంది. అప్పుడు ఎంత తిన్నా ఒంటికి పట్టదు. దీనికి మాత్ర లేదు, సూది లేదు. జీవితాంతం గ్లూటెన్ మానడమే వైద్యం. మానితే పేగు తిరిగి కోలుకుంటుంది, పిల్లలు మళ్ళీ ఏపుగా ఎదుగుతారు.

మూడవది అరగకపోవడం. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే ఎంజైమ్ తగ్గితే కడుపు ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. ఇబ్బందే కానీ ప్రాణాపాయం కాదు. ఇలాంటివారిలో చాలామంది పెరుగు కొద్దికొద్దిగా తినగలరు. పాల అలర్జీ ఉన్న బిడ్డ సంగతి అలా కాదు. ఆ బిడ్డకు పెరుగూ కూడదు, నెయ్యీ కూడదు. నెయ్యిలో కూడా పాల ప్రొటీన్ జాడలు మిగిలి ఉంటాయి.

కనుక ఎవరైనా ‘మా అబ్బాయికి పడదండీ’ అంటే, ‘అలర్జీయా, సీలియాకా, అరగకపోవడమా?’ అని అడగడం గుచ్చిగుచ్చి అడగడం కాదు, శ్రద్ధ చూపడం.

గోధుమ గుట్టు బయటపడిన కథ

పిల్లలూ, ఈ కథ మీ కోసం. రెండు వేల ఏళ్ళ క్రితమే కప్పడోషియాకు చెందిన అరెటేయస్ అనే గ్రీకు వైద్యుడు ఇలాంటి కడుపు జబ్బును వర్ణించాడు. గ్రీకు భాషలో కడుపుకు సంబంధించిన మాట నుంచే సీలియాక్ అనే పేరు వచ్చింది. 1888లో లండన్‌లో శామ్యూల్ జీ అనే వైద్యుడు పిల్లల్లో ఈ వ్యాధిని వివరించి, నయమైతే ఆహారంతోనే నయం కావాలి అన్నాడు. కానీ ఏ ఆహారం? 1920లలో అమెరికాలో సిడ్నీ హాస్ అనే వైద్యుడు పిల్లలకు అరటిపళ్ళు పెట్టి బాగుచేశాడు. అరటిపండులో ఏదో మహత్తు ఉందని అందరూ అనుకున్నారు. అసలు సంగతి ఏమిటంటే, అరటిపళ్ళు తింటూ ఆ పిల్లలు రొట్టె తినలేదు!

ఆ ముడి విప్పినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెమ్ డికె. గోధుమ మీద ఆయనకు ముందు నుంచే అనుమానం ఉంది. రెండవ ప్రపంచయుద్ధం చివర, 1944–45 చలికాలంలో, ఆ దేశంలో ఘోరమైన కరువు వచ్చింది, రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో నీరసిస్తుంటే ఈ పిల్లల జబ్బు మాత్రం నెమ్మదించింది. రొట్టె తిరిగి రాగానే జబ్బూ తిరిగి వచ్చింది. 1950లో డికె ఈ విషయాన్ని తన సిద్ధాంత గ్రంథంలో రాశాడు. ఇవాళ మనం దుకాణంలో ‘గ్లూటెన్ ఫ్రీ’ అనే పొట్లం చూస్తున్నామంటే దాని వెనుక ఈ కథ ఉంది.

మనకెందుకు వస్తుంది?

‘మన ఊళ్ళో ఎవరికీ లేదే, ఇక్కడికి వచ్చాక ఈ జబ్బేమిటి?’ అని పెద్దలు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి కొంత సమాధానం 2016లో ప్రచురితమైన ఒక భారతీయ అధ్యయనంలో దొరుకుతుంది. మూడు ప్రాంతాలలో 23 వేల మందికి పైగా పెద్దలను పరిశీలిస్తే సీలియాక్ వ్యాధిని సూచించే యాంటీబాడీలు ఉత్తరాన 1.23 శాతం, ఈశాన్యాన 0.87 శాతం, దక్షిణాన వేలూరు ప్రాంతంలో 0.10 శాతం మందిలో కనిపించాయి. వ్యాధికి అవకాశమిచ్చే జన్యువులు మాత్రం మూడుచోట్లా ఇంచుమించు సమానంగా, దాదాపు మూడింట ఒకవంతు మందిలో ఉన్నాయి. పెద్ద తేడా కంచంలో ఉంది. ఉత్తరాన రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాన 25 గ్రాములు. గోధుమ ఒక్కటే కారణమని దీనితో తేలిపోదు. జన్యువులున్నవారిలో చాలామందికి ఎంత గోధుమ తిన్నా వ్యాధి రాదు. అయినా ఆలోచించవలసిన లెక్క.

మన తాతల నాటి తెలుగు ఇంట గోధుమ పండుగలకో, ఒంట్లో బాగా లేనప్పుడో కనిపించేది. తర్వాత షుగర్ పేరు చెప్పి ‘రాత్రికి చపాతీ’ వచ్చింది. ఆక్లాండ్ వచ్చాక పొద్దున వీట్‌బిక్స్, మధ్యాహ్నం లంచ్ బాక్సులో శాండ్‌విచ్, సాయంత్రం నూడుల్స్ లేదా పిజ్జా. మనం మనకు తెలియకుండానే అన్నం జాతి నుంచి గోధుమ జాతికి మారిపోయాం. కనుక ‘మన తెలుగువాళ్ళకు రాదు’ అని కొట్టిపారేయకూడదు.

పిల్లల ఎదుగుదల ఆగినా, ఐరన్ మందు వాడుతున్నా రక్తహీనత తగ్గకపోయినా, తరచు విరేచనాలు లేదా మలబద్ధకం, కడుపు ఉబ్బరం, నోటిపూత, విడవని నీరసం ఉన్నా డాక్టరును అడగండి. రక్తహీనతను ‘శాకాహారం వల్లే’ అని మనమే తేల్చేయడం మంచిది కాదు. మొదట చేసేది రక్తపరీక్ష. అవసరమైతే తర్వాత ఎండోస్కోపీ చేసి పేగు నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. ఇక్కడ ఒక ముఖ్యమైన మాట గమనించగలరు. పరీక్షలు పూర్తయ్యే వరకు గోధుమ మానకండి. ముందే మానేస్తే పేగు కోలుకుంటుంది, పరీక్షలో జబ్బు లేనట్టే వస్తుంది, ఆ తర్వాత నిర్ధారణ చాలా కష్టం. ఇంట్లో ఒకరికి వ్యాధి ఉందని తేలితే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు కూడా పరీక్ష చేయించడం మంచిది. దగ్గరి రక్తసంబంధీకులలో దాదాపు పదిమందిలో ఒకరికి ఉండే అవకాశం ఉంది.

మన వంటిల్లు మనకు పెట్టిన వరం

ఇంగ్లీషు వంటలో పెరిగినవారికి గ్లూటెన్ మానడమంటే రొట్టె, కేకు, బిస్కెట్టు, పాస్తా అన్నీ పోయినట్టే. మనకు అలా కాదు. అన్నం, పప్పు, కూర, పులుసు, పెరుగు – రోజూ తినే భోజనంలో గోధుమ లేనే లేదు. ఇడ్లీ, దోసె, పెసరట్టు, దిబ్బరొట్టె, గారె, అటుకుల ఉప్మా, రాగి సంకటి, జొన్న రొట్టె, సజ్జ రొట్టె – ఇవన్నీ పుట్టుకతోనే గ్లూటెన్ లేనివి. కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు కూడా అంతే.

గోధుమపిండి సాగేదీ, రొట్టె పొంగి నిలిచేదీ గ్లూటెన్ వల్లే. మరి గ్లూటెన్ లేకుండా ఇడ్లీ ఎలా పొంగుతుంది? ఆ పని మినపప్పు చేస్తుంది. రుబ్బినప్పుడు వచ్చే జిగురు, పిండి పులిసేటప్పుడు పుట్టే గాలిబుడగలను పట్టి ఉంచుతుంది. జొన్నపిండిని మరిగే నీళ్ళతో ఎందుకు కలుపుతారు? వేడి నీటికి పిండిలోని గంజి ఉడికి జిగురై రొట్టెను పట్టి ఉంచుతుంది. చల్లటి నీళ్ళతో కలిపితే అంచులు పగిలి ముక్కలవుతుంది. డికె పుట్టకముందే మన అమ్మమ్మల చేతికి ఈ విద్య తెలుసు!

పండుగ వంటలలో గోధుమ ఉన్నచోట కూడా మన ఇంట్లోనే దానికి జోడీ ఉంది. బొబ్బట్టుకు మైదా కావాలి. అదే పూర్ణాన్ని బియ్యం, మినపప్పు రుబ్బిన పిండిలో ముంచి వేయిస్తే పూర్ణం బూరె. బొంబాయి రవ్వ ఉప్మాకు బదులు బియ్యపు రవ్వతో ఉప్పిండి. సేమియా పాయసానికి బదులు సగ్గుబియ్యం పాయసం. రవ్వ కేసరికి బదులు చక్కెర పొంగలి. కజ్జికాయకు బదులు సున్నుండ. మైదా మైసూరు బజ్జీకి బదులు మిగిలిన దోసెపిండితో పునుగులు. ఇవేవీ కొత్త వంటలు కావు, కనుక ఏ బిడ్డకూ ‘నీకు వేరే వంట’ అన్న చిన్నతనం ఉండదు.

ప్రసాదాల సంగతీ తెలుసుకుందాం. తిరుపతి లడ్డు శనగపిండితో చేసేది. అందులో నెయ్యి, జీడిపప్పు ఉంటాయి కనుక పాలు, జీడిపప్పు అలర్జీ ఉన్నవారు జాగ్రత్త పడాలి. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేసేది, సీలియాక్ ఉన్నవారికి కూడదు. ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి రవ్వ ప్రసాదం చేసేవారు ఒక చిన్న గిన్నెలో అరటిపండు, కొబ్బరి ముక్క విడిగా నైవేద్యం పెడితే ఆ బిడ్డా కళ్ళకద్దుకుని తింటాడు. ఆత్రేయపురం పూతరేకులు బియ్యపు గంజితో తీసినవి, వాటిలో గోధుమ ఉండదు. కాకినాడ కాజాలో మైదా, హైదరాబాదు హలీంలో గోధుమ, ఉస్మానియా బిస్కెట్టులో మైదా ఉంటాయి.

దొంగచాటుగా దూరే గోధుమ

కనిపించే గోధుమను మానడం తేలిక. కనిపించనిదే కష్టం.

అన్నింటికంటే పెద్ద దొంగ ఇంగువ. మనం కొనే డబ్బా ఇంగువలో అసలు ఇంగువ కొద్దిగానే ఉంటుంది, మిగిలినది జిగురు, పిండి. ఆ పిండి చాలా రకాలలో గోధుమపిండి! చారు, పులిహోర, సాంబారు పొడి, చాలా ఊరగాయలు – అన్నింట్లో చిటికెడు ఇంగువ పడుతుంది. బియ్యప్పిండితో చేసిన ఇంగువ దొరుకుతుంది, డబ్బా మీద చదివి కొనండి. లేదా వెల్లుల్లి వేసి తాలింపు పెట్టండి.

‘రవ్వ’ అన్న మాటతోనూ జాగ్రత్త. ఇడ్లీ రవ్వ బియ్యం, బొంబాయి రవ్వ గోధుమ. పొట్లాల మీద మైదా, ఆటా, సూజీ, దలియా అని ఏ పేరుతో ఉన్నా అన్నీ గోధుమే. వేడి చేసిందని పెద్దలు తాగే బార్లీ నీళ్ళలో గ్లూటెన్ ఉంటుంది. హార్లిక్స్, మైలో వంటివాటిలో మాల్ట్ ఉంటుంది, మాల్ట్ అంటే బార్లీ. గోబీ మంచూరియాలో మైదా, మామూలు సోయా సాస్‌లో గోధుమ. ఈ దేశంలో మరో చిత్రం – కార్న్‌ఫ్లోర్ అని అమ్మే పిండి కొన్నిసార్లు గోధుమతో చేసినది! ‘వీటెన్ కార్న్‌ఫ్లోర్’ అని చిన్న అక్షరాలతో ఉంటుంది. ‘మెయిజ్’ అని ఉన్నదే తీసుకోండి. ఒక మంచి కబురు కూడా చెప్పాలి. గ్లూటెన్ ఫ్రీ వీట్‌బిక్స్ ఉంది, దాన్ని చేసేది మన జొన్నలతోనే.

అలర్జీలు – ఒకే వస్తువు, నాలుగు పేర్లు

మన వంటలో అలర్జీ కలిగించే దినుసులు తక్కువేమీ కావు. పల్లీ చట్నీ, పులిహోరలో పల్లీలు, సర్వపిండిలో పల్లీలూ నువ్వులూ, సకినాలలో, అరిసెలలో నువ్వులు, పొంగలిలో జీడిపప్పు, రొయ్యల కూర, చేపల పులుసు. ఆవకాయలో ఆవపిండీ, నువ్వుల నూనే రెండూ ఉంటాయి. గానుగ నూనెలో గింజ ప్రొటీన్ మిగిలి ఉంటుంది కనుక పల్లీ అలర్జీ ఉన్న ఇంట గానుగ పల్లీనూనె వాడకూడదు.

పిల్లలు ఈ పేర్లు కంఠస్థం చేయాలి. వేరుశనగ, పల్లీ, పీనట్, గ్రౌండ్‌నట్ – నాలుగూ ఒకటే. నువ్వులు, తిల్, జింజెల్లీ, సెసమి – నాలుగూ ఒకటే. తహీని అన్నది నువ్వుల ముద్దే. జీడిపప్పు పడనివారికి పిస్తా కూడా పడకపోవడం మామూలే. పల్లీలు పడనివారిలో కొందరికి శనగపప్పు, మెంతులు కూడా పడవు. డాక్టరును అడిగి తెలుసుకోండి, ఊహించి అన్నీ మానిపించకండి. ఎదిగే పిల్లలకు పప్పే బలం.

చంటిపిల్లల తల్లులకు ఒక మాట. ‘పల్లీలు మూడేళ్ళ దాకా పెట్టకండి’ అన్న పాత సలహా ఇప్పుడు మారింది. ఇజ్రాయెల్‌లో పసిపిల్లలు చిన్నప్పటి నుంచే పల్లీలతో చేసిన చిరుతిండి తింటారని, అక్కడ పల్లీ అలర్జీ తక్కువని గమనించి, లండన్‌లో 640 మంది శిశువులతో ఒక పరిశోధన చేశారు. 2015లో వెలువడిన ఫలితం ప్రకారం, పసితనం నుంచే పల్లీ తిన్న పిల్లలలో ఆ అలర్జీ దాదాపు 80 శాతం తగ్గింది. ఆరు నెలలు వచ్చి, అన్నప్రాసన అయ్యాక, మెత్తటి పల్లీ ముద్దను కొద్దికొద్దిగా రుచి చూపించవచ్చు. గింజలుగా మాత్రం పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. బిడ్డకు గజ్జి వంటి ఎగ్జిమా తీవ్రంగా ఉన్నా, ఇప్పటికే ఏదైనా అలర్జీ ఉన్నా ముందు డాక్టరును సంప్రదించండి.

తడి గరిటె నియమం

ఒకే గరిటె రెండు గిన్నెల్లో పెట్టడం వల్ల వచ్చే ప్రమాదం గురించి ఎంత చెప్పినా ‘ఆ చిటికెడుకే ఏమవుతుంది?’ అంటుంటారు. మన పెద్దలకు దీన్ని అర్థమయ్యేలా చెప్పడం చాలా సులువు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే అమ్మమ్మ ఊరుకుంటుందా? ఒక్క చుక్క నీటికే జాడీ అంతా బూజు పడుతుందని ఆవిడకు తెలుసు. ఇదీ అంతే. మడి, ఎంగిలి అనే మాటలు తెలిసిన మనకు ఇది కొత్త పాఠం కాదు.

చపాతీ పీట, అప్పడాల కర్ర, చెక్క గరిటెలు, జల్లెడ, టోస్టరు వేరుగా ఉంచండి. గోధుమపిండి జల్లిస్తే గాలిలో ఎగిరి పక్కన ఉన్న గిన్నెల్లో పడుతుంది కనుక గ్లూటెన్ లేని వంట ముందుగా చేసి మూతపెట్టండి. సమోసాలు వేయించిన నూనెలో గారెలు వేస్తే ఆ గారెలు పనికిరావు. ఎంత వేడికీ గ్లూటెన్ చావదు. జొన్నపిండి, రాగిపిండి గోధుమ పట్టిన మరలోనే పట్టించి ఉండవచ్చు కనుక ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ఉన్న పొట్లం కొనండి. చేతులు సబ్బుతో, నీళ్ళతో కడగాలి. శానిటైజర్ క్రిములను చంపుతుంది కానీ పల్లీ జిడ్డును వదిలించదు.

దుకాణంలో, హోటల్లో

న్యూజిలాండ్‌లో చట్టం మనకు అండగా ఉంది. పొట్లాల మీద గోధుమ, గ్లూటెన్, పాలు, గుడ్డు, సోయా, పల్లీ, నువ్వులు, చేప, రొయ్య జాతి, నత్త జాతి, లూపిన్, ఇంకా బాదం, జీడిపప్పు వంటి గింజల పేర్లు తప్పక రాయాలి. 2021లో వచ్చిన కొత్త నియమం ప్రకారం అవి ముద్ద అక్షరాలలో, తేలిక మాటలలో ఉండాలి, ‘కంటెయిన్స్’ అనే వరుస విడిగా ఉండాలి. 2024 ఫిబ్రవరి 25 నుంచి ప్యాక్ చేసినవన్నీ ఇలాగే ఉండాలి. అయితే ఆవాలు ఈ జాబితాలో లేవు. ఆవాలు పడనివారు దినుసులన్నీ చదవాలి. ‘మే కంటెయిన్’ అనే మాట రాయడం తప్పనిసరి కాదు కనుక అది లేనంత మాత్రాన భద్రమని అనుకోకండి.

ఇక్కడ ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయాలంటే పరీక్షలో గ్లూటెన్ అసలు కనిపించకూడదు, ఓట్స్ కూడా ఉండకూడదు. భారతదేశంలో కిలోకు 20 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉంది. ఊరి నుంచి తెచ్చుకునే పొట్లాల విషయంలో ఈ తేడా గుర్తుంచుకోండి.

క్వీన్ స్ట్రీట్ మీదనో, కరంగహాపే రోడ్డు మీదనో దోసె తినడానికి వెళితే అడగవలసినవి నాలుగే. పిండిలో రవ్వ, మైదా కలిపారా? అదే పెనం మీద పరోటా కాలుస్తారా? గారెలు, సమోసాలు ఒకే నూనెలోనా? సాంబారులో ఏ ఇంగువ? అడిగినవారికి అలర్జీ వివరాలు చెప్పడం హోటలువారి బాధ్యత, కనుక మొహమాటం వద్దు. 2002 నుంచి జరుగుతున్న ఆక్లాండ్ దీపావళి ఉత్సవం వంటి రద్దీ చోట్ల మాత్రం ఇంటి నుంచి డబ్బా తీసుకువెళ్ళడమే మేలు.

అత్యవసరమైతే

తీవ్రమైన అలర్జీకి మొదటి మందు అడ్రినలిన్. అర్హత ఉన్నవారికి 2023 ఫిబ్రవరి 1 నుంచి అడ్రినలిన్ పెన్నులకు ఫార్మాక్ ద్వారా ప్రభుత్వమే డబ్బు భరిస్తోంది. మీ డాక్టరును అడగండి. ఊపిరి కష్టమైనా, నాలుక వాచినా, బిడ్డ ఉన్నట్టుండి వాలిపోయినా – వెల్లకిలా పడుకోబెట్టండి (ఊపిరి ఆడకపోతే కాళ్ళు చాపి కూర్చోబెట్టండి), నిలబెట్టకండి, నడిపించకండి. పెన్ను తొడ బయటివైపు గుచ్చండి. వెంటనే 111కు ఫోన్ చేయండి. దురద మాత్ర వేసి చూద్దామని ఆగకండి. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి వెళ్ళవలసిందే.

పిల్లలూ, ఈ మాటలు నేర్చుకోండి

మన పెద్దలు కొసరి కొసరి వడ్డిస్తారు. అది ప్రేమ. కానీ ‘ఒక్క ముద్ద తింటే ఏం కాదులే’ అన్నప్పుడు మర్యాదగా, గట్టిగా వద్దనడం రావాలి. అద్దం ముందు నిలబడి పలికి చూడండి.

‘అమ్మమ్మా, ఇందులో గోధుమపిండి కలిసిందా?’

‘అత్తయ్యా, నాకిది పడదు. మీ చేత్తో పెరుగన్నం పెట్టండి.’

‘ఆంటీ, ఈ గరిటె వేరే గిన్నెలో పెట్టారా అండీ?’

‘మామయ్యా, పల్లీలు తింటే నాకు ఊపిరి ఆడదు. మందు నా సంచిలో ఉంది.’

‘తాతయ్యా, ఇది మొండితనం కాదు, డాక్టరు చెప్పారు.’

సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు పెళ్ళి భోజనాలలో మొదటి బంతిలోనే కూర్చోండి. అప్పటికి గరిటెలు ఒకదానిలోది ఒకదానిలో కలిసి ఉండవు. మరో మాట – స్నేహితుడి డబ్బాలోంచి తీసుకోకండి, మీ డబ్బాలోది పెట్టకండి. పంచుకోవడానికి ఆటలున్నాయి, కథలున్నాయి.

మన బడి భోజనాల పద్ధతి

ఈ దేశంలో ‘బ్రింగ్ ఎ ప్లేట్’ అంటే ఖాళీ పళ్ళెం తెమ్మని కాదు, వంటకం చేసి తెమ్మని అర్థం. కొత్తగా వచ్చినవారు గమనించగలరు! తెచ్చే వంటకంతో పాటు ఒక చిన్న చీటీ కూడా తెండి. వంటకం పేరు, వేసిన దినుసులన్నీ, వాడిన నూనె, ఇంగువ – తెలుగులో, ఇంగ్లీషులో రాయండి. గుర్తు లేకపోతే ‘తెలియదు’ అని రాయండి, అదీ మంచి సమాధానమే. గోధుమ, పల్లీలు, నువ్వులు లేని వంటకాలకు విడిగా ఒక బల్ల ఉంటుంది. ఆ బల్ల మీది గరిటెలు బల్ల దాటవు. అలర్జీలు, సీలియాక్ ఉన్న పిల్లలకు ముందుగా వడ్డించి, తర్వాతే మిగిలినవారిని పిలుస్తాం.

ఆ బల్ల కోసం ఒక పులిహోర చెబుతున్నాము. ఇంగువ, పల్లీలు, నువ్వులు, జీడిపప్పు లేకుండా, పదిమంది పిల్లలకు సరిపోయేది.

బియ్యం 3 కప్పులు పొడిపొడిగా వండి, వెడల్పు పళ్ళెంలో ఆరబెట్టి, చెంచా పసుపు, రెండు చెంచాల పొద్దుతిరుగుడు నూనె కలపండి. పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టి చిక్కగా గుజ్జు తీయండి. మూకుడులో ఐదు చెంచాల నూనె వేసి శనగపప్పు 2 చెంచాలు, మినపప్పు 2 చెంచాలు, ఆవాలు 1 చెంచా, ఎండుమిర్చి 4, సన్నగా తరిగిన అల్లం, రెండు రెమ్మల కరివేపాకు వేయించండి. చీల్చిన పచ్చిమిర్చి 5, చింతపండు గుజ్జు, చిన్న బెల్లం ముక్క, తగినంత ఉప్పు వేసి నూనె తేలే వరకు ఉడికించి అన్నంలో కలపండి. గంటసేపు ఊరనిస్తే రుచి పడుతుంది. ఆవాలు పడని పిల్లలుంటే జీలకర్ర, మిరియాలతో తాలింపు పెట్టండి. పప్పులు పడనివారుంటే అవీ మానేయండి. పులుపూ కారమే పులిహోరకు ప్రాణం.

ఇంకా వివరాలు కావలసినవారికి కోయెలియాక్ న్యూజిలాండ్, అలర్జీ న్యూజిలాండ్ అనే సంస్థలు సహాయం చేస్తాయి. ఈ వ్యాసం తెలుసుకోవడానికే, వైద్యానికి మీ డాక్టరే ప్రమాణం.

వచ్చే ఉగాదికి మీ ఇంట్లో పచ్చడి కలిపేటప్పుడు ఒకసారి గమనించండి. వేపపువ్వు, చింతపండు, బెల్లం, మామిడి, ఉప్పు, కారం. అందులో గోధుమ లేదు, పల్లీ లేదు, నువ్వు లేదు, పాలు లేవు. జీడిపప్పు, పుట్నాలు కలపకుండా పాత పద్ధతిలో చేస్తే మన బడిలో దాదాపు ప్రతి బిడ్డా నాలుక మీద వేసుకోగలదు. మిగిలిన వంటకాలకూ చీటీ రాసి తెస్తే, ఏ బిడ్డా తన డబ్బా పట్టుకుని ఒక మూల కూర్చోనక్కరలేదు. చీటీలు, పెన్నులు తలుపు పక్కన బల్ల మీద ఉంచుతాం.